మందు అన్న మాట

తావుర్యా మడిలో వరి గుండ్రంగా, చిప్పలు చిప్పలుగా మాడిపోయింది. దుబ్బుల రసం పీల్చే సుడిదోమ. గట్టు మీద నిలబడ్డ వ్యవసాయాధికారి శేషగిరికి దుబ్బు మొదలు చూడకుండానే తెలిసింది. తెలియనిది ఒక్కటే. పదిహేను రోజుల కింద తాను ఇదే గట్టు మీద విరుగుడు చెప్పి వెళ్ళాడు. అయినా ఎట్లా పాకింది?

"నేను చెప్పినట్టు చేశావా?"

"చేసిన సారు. ఎరువు బంద్ పెట్టమంటివి, గంపెడు పెంట పొయ్యలే. మందు ఎయ్యమంటివి, రెండు బస్తాలు ఏసిన."

"దోమను చంపే గుళికల మందు బస్తాల్లో ఎక్కడొస్తుందయ్యా?"

"గుళికలేంది? తెల్లగుంటది గద, ఉప్పు లెక్క."

యూరియా. ఆపమన్నదాన్నే రెండు బస్తాలు చల్లాడు. దోమకు విందు పెట్టాడు.

"మూర్ఖుడా!" అనేశాడు శేషగిరి.

తావుర్యా తమ్ముడు సక్రు గట్టు మీదికొచ్చాడు. "సారు, మీ దిక్కు యూరియాని ఏమంటరు?"

"ఎరువు."

"మా పెన్‌పహాడ్ దిక్కు మందంటరు. ఎరువంటే పశువుల పెంట. కాల్వ నీళ్ళొచ్చినకాడ్నుంచి గిదే మాట. నువ్వొచ్చి ఏడాదాయె. ఓపాలి అడిగినవా?"

అడగలేదు. సూర్యాపేట అద్దెగదిలో ఒంటరిగా వీళ్ళ యాసను అనుకరించి నవ్వుకునేవాడు. అంత శ్రద్ధగా విన్నవాడు ఒక్క మాటకూ అర్థం అడగలేదు. ఆ సంగతి సక్రు పసిగట్టేశాడనిపించి ఒళ్ళు మండింది.

మండినప్పుడే కాగితం తీశాడు. పంటనష్టానికి కారణం రైతు తప్పని రాస్తే వచ్చే పంటకారుకు సర్కారు విత్తనం రాదు. అది తావుర్యాకూ తెలుసు. శేషగిరి చకచకా రాసి, వేలిముద్ర వెయ్యమని చాపాడు.

తావుర్యా వెయ్యలేదు. కాగితం పక్కనున్న కోడలికిచ్చాడు. "సదువు బిడ్డా."

మోతె బడిలో ఏడో తరగతి దాకా చదివిన సాలి, కూడబలుక్కుంటూ చదివింది. "రైతు... అజ్ఞానం... వలన." తలెత్తి, కొంగు సర్దుకుని అడిగింది. "అజ్ఞానమంటే మాట తెల్వకపోవుడే గద సారు?"

చుట్టూ మూగిన తండావాళ్ళలో ఎవరో ఫక్కున నవ్వారు. శేషగిరి చెవులు వేడెక్కాయి. కాగితం లాక్కున్నాడు. పశ్చాత్తాపం కాదది. ఆ పిల్ల కళ్ళు ఇంకా ఆ అక్షరాల మీదే ఉన్నాయి. అవి అక్కడినుంచి కదలాలి, అంతే. 'రైతు' కొట్టేశాడు. పైన 'వ్యవసాయాధికారి' అని రాశాడు. సంతకం పెడుతుంటే కలం కాగితాన్ని చీల్చింది.

సాలి కాగితం అందుకుని మళ్ళీ చదివింది. ఈసారి తడబడలేదు. తావుర్యా వేలు సిరాలో ముంచి, నిదానంగా ముద్ర వేశాడు.

"ఇత్తులొస్తే తెచ్చుకుంటం సారు. నువ్వు మాత్రం ఇగ మా గట్టెక్కకు."

శేషగిరి స్కూటరు తన్నాడు. మూడు తన్నులకు గాని అంటుకోలేదు. వెనక సక్రు అరుస్తున్నాడు: "సారూ, పెట్రోలును మీ దిక్కు ఏమంటరు?"

తండా అంతా నవ్వింది. వాళ్ళను ఇంతగా ద్వేషించడం ఇదే మొదలు. వాళ్ళు చెప్పింది ఒక్క ముక్క వదలకుండా అర్థం కావడమూ ఇదే మొదలు.