ఎడమ మర

అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పులు దొర్లినా మన్నించండి. నాకు చదువు ముసలితనంలో మనవరాలి పలక మీద వచ్చింది. ఒక్కో మాటకీ ఆగి ఆగి రాస్తాను. ఫైర్ స్టేషన్ వాళ్ళు పాత సంగతులు తెలిసినవాళ్ళని రాసిమ్మన్నారు. వాళ్ళ గోడ మీద బోర్డులో రెండు వీధుల దళాలు కలిసి ఒకటయ్యాయని ఒక్క ముక్కే ఉందట. ఎలా కలిశాయో నేను చెబుతాను.

అప్పట్లో పై వీధికి ఒక పంపు బండి, కింది వీధికి ఒకటి ఉండేవి. మనుషులే లాక్కెళ్ళాలి, మనుషులే పంపు కొట్టాలి. జీతం లేదు గానీ పంతాలు బోలెడు. మా ఆయన వడ్రంగి, పై వీధి బండికి గొట్టం పట్టేవారు. మా తమ్ముడు ఇత్తడి పనివాడు, వాడిది కింది వీధి బండి. ఎక్కడ పొగ లేచినా ఎవరి బండి ముందు చేరిందన్నదే గొప్ప.

"బావా, నిన్న మీరొచ్చేసరికి మేం బూడిద కూడా ఊడ్చేశాం" అనేవాడు తమ్ముడు.

"నీకు చేతనైంది ఆ ఊడ్వడమేగా, కానివ్వు" అనేవారు ఈయన.

గొట్టాల చివర ఇత్తడి మూతులుంటాయి. మర తిప్పి ఒక గొట్టానికి ఇంకోటి బిగిస్తారు. ఒకసారి పై వీధివాళ్ళు కింది వీధి గొట్టాన్ని అడక్కుండా పట్టుకుపోయారు. తమ్ముడికి రోషం వచ్చి, తమ మూతులన్నిటికీ ఎడమ మర, అంటే ఎడమకి తిప్పితే బిగిసేది, కోశాడు. ఇంక మావాళ్ళు ఎత్తుకుపోయినా బిగించుకోలేరు. మా ఇంట్లోనే కూర్చుని ఆ సంగతి చెప్పి పగలబడి నవ్వాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని మా ఆయనా నవ్వారు.

ఆ ఎండాకాలం, పట్టపగలు, పరుపులు కుట్టే ఆయన ఇల్లు అంటుకుంది. కింద గదినిండా దూది, మేడ మీద మంచం పట్టిన వాళ్ళమ్మ. ఇరుకు సందు. కేకలు విని నేనూ పరిగెత్తాను. ముందు మా బండి చేరింది, వాళ్ళ బండి దాని వెనక ఇరుక్కుపోయింది. మా ఆయన గొట్టంతో మెట్లెక్కారు. సగం మెట్లకే గొట్టం చాలలేదు. దాన్ని అక్కడే వదిలేసి పైకి వెళ్ళారు. ముసలమ్మని దుప్పట్లో మూటగట్టి కిటికీలోంచి కిందికి దించారు. ఆ తర్వాత కిటికీలో దగ్గుతూ ఒకసారి కనిపించారు.

తమ్ముడు వాళ్ళ గొట్టం భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. మా గొట్టానికి కలపబోయాడు.

"తిరగదురా! నీ మరే!" అని అరిచాడు మా బండి కమ్మరి.

తమ్ముడు నా కొంగు చింపి, రెండు మూతులూ కలిపి చుట్టి, చేతులతో అదిమిపట్టాడు. "కొట్టండి!" పంపు కొట్టగానే నీళ్ళన్నీ వాడి మొహం మీదే చిమ్మాయి. మళ్ళీ చుట్టాడు.

"అక్కా, గట్టిగా పట్టుకో. వస్తున్నాయి, వస్తున్నాయి."

నేనూ పట్టుకున్నాను. పైకి చుక్క వెళ్ళలేదు. మెట్లు కూలిపోయాయి.

నెల తిరక్కుండా మున్సిపాలిటీ వాళ్ళు రెండు బండ్లనీ ఒకే షెడ్డులో పెట్టించారు. మూతులన్నీ ఒకే మరకి మార్చే పని తమ్ముడే చేశాడు. ఖాకీ చొక్కా వేసుకుని దళానికి పెద్దగా ఉండమని వాడినే అడిగారు. వాడొచ్చి మా గుమ్మం బయట నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు వద్దంటే మానేస్తాను."

"మానేస్తే మీ బావ లేచొస్తారా?"

వాడు వెనక్కి తిరగబోయాడు.

"చేరు. ఇంకో ఇంట్లో ఇలా జరక్కుండా చూడు. ఆ చొక్కాతో మాత్రం నా గడప తొక్కకు."

చేరాడు. రిటైరయ్యేదాకా మా ఇంటికి ఎప్పుడొచ్చినా, వీధి మొదట్లోనే ఖాకీ చొక్కా విప్పి, మడిచి చంకలో పెట్టుకుని, బనీనుతో వచ్చేవాడు. చలికి వణుకుతూ కూడా అంతే. వేసుకోరా అందామనుకునేదాన్ని. వేడి కాఫీ ఇచ్చి ఊరుకునేదాన్ని.

వాడు పోయినప్పుడు స్టేషన్ వాళ్ళు ఆ చొక్కా తొడిగి పడుకోబెట్టారు. అందులో వాణ్ణి చూడడం నాకదే మొదలు. బాగా నప్పింది.

ఇట్లు,
వడ్రంగి గారి భార్య, దళం పెద్దకి అక్క.
వయసు డెబ్భై ఆరు. ఇప్పుడు కింది వీధిలో, చిన్నకూతురి ఇంట్లో ఉంటున్నాను.