ఒక్క ఉండ తక్కువ

స్వెట్టర్ ఎడమ చెయ్యి సగంలో ఉండగా ఊలు అయిపోయింది.

రగ్న సంచీ తిరగేసి దులిపింది. సూదులు రాలాయి, పాప నోట్లో పెట్టుకునే రబ్బరు రాలింది, బిస్కెట్ పొడి రాలింది. నీలం ఉండ మాత్రం రాల్లేదు. వచ్చే వారమే జెండా పండగ. పాప తీరిల్‌కి అది మొదటి ఊరేగింపు. ఆ రోజు ఊరంతా పిల్లల్ని చూడ్డానికే వస్తుంది, ఆ వంకన వాళ్ళ ఒంటిమీది అల్లికలు చూసి పోతుంది.

"ఒక ఉండ ఎక్కువ కొనమన్నానా లేదా?" అంది అత్తగారు గున్వోర్, కాఫీ కప్పు పెదాల దగ్గరే పెట్టుకుని. "లెక్క నాకు తెలుసన్నావ్."

"తక్కువ పడింది అత్తా. ఇంకోటి కొంటాను."

"కొంటావ్ సరే, అదే వాయిలో రంగేసింది దొరకొద్దూ? వాయి మారితే నీలం ఇంకో నీలం అయిపోతుంది. మోచేతి దగ్గర గీత గీసినట్టు కనబడుతుంది. అంత తంటా ఎందుకు? నేనల్లిన స్వెట్టర్ సిద్ధంగా ఉంది, సొరుగులో."

రగ్నకి గుచ్చుకునేది ఆ సొరుగే. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు పాప ఒంటి మీద గున్వోర్ అల్లికే. బాప్టిజం నాడూ ఆవిడదే. చలికాలమంతా టోపీలూ మేజోళ్ళూ ఆవిడవే. ఎవరు ఎత్తుకున్నా "గున్వోర్ చెయ్యి చూడగానే తెలిసిపోతుంది" అనేవాళ్ళు, పిల్లని గున్వోరే కన్నట్టు. ఈ ఒక్క రోజయినా పాప తన చేతి స్వెట్టర్ వేసుకోవాలని రగ్న పట్టుపట్టింది.

"రేవు దగ్గర ఆడ్నీ కొట్టుకి వెళ్ళొస్తాను. అక్కడే కదా కొన్నది."

"దండగ. నేను అడిగాను. ఆ వాయి అయిపోయిందంది. రేపు శనివారం, కార్లో తీసుకెళ్తాలే. వోల్డా ఊళ్ళో చూద్దాం, ఓర్స్టాలో చూద్దాం."

ఇంట్లో ఊలు అయిపోకముందే ఈవిడ కొట్లో ఎందుకు అడిగిందో ఆ క్షణాన రగ్నకి తట్టలేదు. భర్త అస్లక్ చేపల పడవ మీద ఉన్నాడు. తనకి కారు నడపడం రాదు. తల ఊపింది.

శనివారం ఫెర్రీ మీద గాలి ఈడ్చి కొట్టింది. పాప దగ్గింది. రగ్న దాని నుదుటికి పెదాలానించి చూసింది, మళ్ళీ చూసింది.

"ఇప్పుడే చూశావుగా," అంది గున్వోర్. "జ్వరం నువ్వు పిలిస్తే వచ్చేలా ఉంది."

వోల్డా కొట్లో గున్వోర్ ఆ సగం స్వెట్టర్ని బల్ల మీద పరిచింది, చేప బాగాలేదని వెనక్కి తెచ్చినట్టు.

"మా కోడలి పని. ఇదిగో, ఇక్కడ వదులు, ఇక్కడ బిగుతు. అత్తతో మాటా మాటా అనుకున్న రోజులన్నీ వరసగా కనబడుతున్నాయి."

ఊలు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. రగ్న చెవులు కాలిపోయాయి. కొట్టావిడ ఒక నీలం ఉండ తెచ్చి పక్కన పెట్టింది. కిటికీ వెలుగులో అది ఆకుపచ్చకి తిరిగింది.

ఓర్స్టా కొట్లో కుర్రపిల్ల మంచిదే. "ఒక వరస పాతది, ఒక వరస కొత్తది మార్చి మార్చి అల్లండి. తేడా కలిసిపోతుంది," అంది.

"కలపడానికి పాతది ఉంటే కదా!" గున్వోర్ నవ్వింది. "ఈ పిల్ల దారం తోక దాకా అల్లేసింది."

పాప ఏడుపు ఎత్తుకుంది. "ఊలు దుమ్ము పడటం లేదేమో," అంది రగ్న కంగారుగా.

"ఊలు దుమ్ముకి మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. తల్లి చేతులు వణుకుతుంటే పిల్లలు ఏడుస్తారు."

తిరుగు దారంతా గున్వోర్ కూనిరాగం తీస్తూనే ఉంది. కొట్టు కొట్టుకీ వట్టి చేతులతో తిరిగొచ్చినదాని హుషారు కాదది. రగ్న వెనక సీట్లోంచి ఆ మెడవంకే చూస్తూ కూర్చుంది.

ఆదివారం ఏ కొట్టూ తెరవరు. ఆడ్నీది మాత్రం ఇంటి కింది గదే, తలుపు తడితే తీస్తుంది. రగ్న పాపని బండిలో వేసుకుని బయల్దేరింది.

"ఆదివారం పూట ముసలిదాన్ని లేపుతావా? అయిపోయిందని చెప్పానా!" అంది గున్వోర్. ఒకసారి కాదు, రెండుసార్లు అంది. తర్వాత తనూ కోటు తొడుక్కుని వెనకే వచ్చింది.

ఆడ్నీ చెప్పులీడ్చుకుంటూ వచ్చి తీసింది. స్వెట్టర్ చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"ఈ నీలమా? మిగిలిన ఒక్క ఉండా మీ అత్తే పట్టుకుపోయిందిగా, నువ్వు కొన్న మర్నాడే! 'పిల్లకి తక్కువ పడుతుంది ఆడ్నీ, నా దగ్గర ఉంచుతా' అంది. ఎంత ముందుచూపో అనుకున్నాను."

రగ్న వెనక్కి తిరిగింది. గున్వోర్ గుమ్మంలో నిలబడి చేతి తొడుగులు ఒక్కో వేలే లాగి తీస్తోంది.

"నీ దగ్గర ఉందా అత్తా?"

"ఉంది."

"మరి నిన్నంతా నన్నెందుకు తిప్పావ్?"

"నువ్వు తిరుగుతానన్నావ్, నేను తిప్పాను. ఊరూరా కొట్లన్నిటినీ అడిగావు. నన్ను అడిగావా? 'అత్తా, లెక్క తప్పాను, సాయం చెయ్యి' అని ఒక్క ముక్క. నా సంచీలోనే ఉంది. ఇప్పుడడుగు, ఇస్తాను."

ఆడ్నీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, స్టవ్ మీద ఏదో ఉందని గొణుక్కుంటూ మేడెక్కేసింది.

రగ్న నోరు తెరిచింది. ఒక్క మాట అంటే సరిపోతుంది, చెయ్యి పూర్తవుతుంది. అనలేకపోయింది. అరల దగ్గరికి నడిచి, అన్నిటిలోకీ కళ్ళలో పొడిచే పసుపు ఉండ ఒకటి తీసింది.

"వెర్రి వేషమా?" అంది గున్వోర్.

"నీ సొరుగుకి తాళం వేసుకో."

ఆ వారమంతా రగ్న పళ్ళు బిగించి అల్లింది.

పండగ నాడు బ్యాండు ముందు, జెండాలు వెనక. బండిలో తీరిల్, మోచెయ్యి దాకా నీలం, అక్కణ్ణించి మణికట్టు దాకా పసుపు. ఒక్కొక్కరే వంగి చూశారు.

"ఇదేమిటే రగ్నా?"

"మిగతా నీలం మా అత్త దగ్గరుంది. ఎందుకుందో ఆవిణ్ణే అడగండి."

అడిగారు. పండగ బట్టల్లో వెండి పిన్నులు పెట్టుకుని నడుస్తున్న గున్వోర్ మెడ ఎర్రబడుతూ వచ్చింది. చర్చి మలుపు దాకా రగ్నకి ఒళ్ళంతా తేలిగ్గా ఉంది.

మలుపులో పాప ఏడ్చింది. ఆకలి ఏడుపు కాదది. రగ్న ఎత్తుకుని చూసింది. పసుపు అంచు కింద చిన్న చెయ్యి ఉబ్బి కందిపోయి ఉంది. అంచులోకి వేలు పెట్టబోయింది. చిటికెన వేలు కూడా దూరలేదు. పొద్దున బలవంతంగా తొడిగింది, ఇప్పుడు ఊడి రావడం లేదు.

"కోపంగా అల్లితే అంతే," అంది గున్వోర్ పక్కకొచ్చి. "చెయ్యి బిగుస్తుంది."

ఆవిడ నడుముకి గొలుసుతో చిన్న కత్తెర వేలాడుతోంది, ఎప్పుడూ ఉండేదే. దాని మీద చెయ్యేసి నిలబడింది. తియ్యలేదు. రగ్న వంకే చూస్తోంది, 'సాయం చెయ్యి' అన్న ఆ మాట కోసం.

రగ్న కత్తెర చూసింది, పాప చెయ్యి చూసింది. తర్వాత రోడ్డు మధ్యలో, బ్యాండు మేళం పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బుల్లి మణికట్టుని నోటి దగ్గరికి తీసుకుని, అంచు ముడిని పళ్ళతో పుటుక్కున తెంపింది. లాగింది. వరస వెనక వరస ఊడివచ్చింది.

పాప వేళ్ళు విచ్చుకున్నాయి. రగ్న నోట్లోంచి పసుపు దారం గడ్డం మీదికి వేలాడుతుండగానే లేచి, బండి తోసుకుంటూ వెళ్ళి ఊరేగింపులో కలిసింది.