లావు కొన దిగిన తుపాకి

నేను ఒక ఉక్కు కడ్డీని. నంద్యాలలో తుపాకులు బాగుచేసే మౌనాచారి నన్ను లేత్ మెషీన్ మీద స్వయంగా చేసుకున్నాడు. నా ఒక కొన సన్నం, రెండోది వెంట్రుకవాసి లావు. తుపాకి గొట్టంలోకి సన్న కొన దిగాలి, లావు కొన దిగకూడదు. దిగిందంటే గొట్టం వెడల్పయిందన్నమాట. మామూలు తూటా దానిలో ఇక పేల్చకూడదు. నాకు తెలిసిన విద్య ఇంతే. మనుషులకు ఇంతకన్నా చాలా తెలుసు, వాళ్లతో వచ్చిన చిక్కల్లా అదే.

నా దగ్గరికి వచ్చేవన్నీ పాత మిలటరీ రైఫిళ్లు. యుద్ధాలు అయిపోయాక వాటి గొట్టాలు తొలిచి, వేరే తూటాలు పట్టేలా మార్చి కాపలావాళ్ల చేతికిచ్చారు. అలాంటిదొకటి భుజాన వేసుకుని దానియేలు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నిలబడేవాడు. ఒకప్పటి సిపాయి. ఏటా తుపాకిని తెచ్చేవాడు, ఏటా నా లావు కొన బయటే ఆగేది, ఆచారీ అతనూ స్నేహితుల్లా కూర్చుని టీ తాగేవాళ్లు. దొంగలు ఆ తుపాకిని చూసి భయపడ్డారో లేదో గానీ, అది భుజాన ఉంటే దానియేలు నిటారుగా నడిచేవాడు.

ఆ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. సోమవారం గార్డులంతా తుపాకి పేల్చి చూపించాలనీ, లేకపోతే పని లేదనీ అన్నాడు. దానియేలు తన తుపాకిలోకి తొంగిచూశాడు. గొట్టం నిండా తుప్పు. ఆచారి ఎక్కడ పేల్చొద్దంటాడోనని ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుకు తీసుకెళ్లి, లోపలంతా మెషీన్ మీద తోమించాడు. గొట్టం అద్దంలా మెరిసింది. తుపాకి పేల్చడానికి పనికొస్తుందన్న కాగితం మీద ఆచారి సంతకం కోసం మురిసిపోతూ వచ్చాడు.

ఆచారి ఆ మెరుపు చూడలేదు. గొట్టాన్ని వెనక మూసే బోల్టు తీసి, నా లావు కొనను గొట్టం మూతికి ఆనించాడు. నేను దిగిపోయాను; తోముడులో తుప్పుతో పాటు ఉక్కూ అరిగిపోయింది. ఎక్కడైనా ఆగితే బాగుండునని ఎంత అనుకున్నానో! తర్వాత గొట్టం వెనక తూటా కూర్చునే చోట ఒక తూటా పెట్టి చూశాడు. అదీ వదులుగా కదిలింది. పేలిస్తే తూటా డొల్ల చీలి, మంట వెనక్కి మొహం మీదికి తన్నుతుందని నెమ్మదిగా చెప్పాడు.

"ఇన్నేండ్లు నన్నేమన్నా చేసినాదా ఇది? రెండు తూటాలు కాల్చి వచ్చేస్తా. సంతకం పెట్టప్పా," అన్నాడు దానియేలు.

"పెడతా. నీ కుడికన్ను ఈడ ఇచ్చిపో, పెడతా."

దానియేలు తుపాకి లాక్కుని గుమ్మం దాకా పోయి, అక్కడే నిలబడిపోయాడు. వెనక్కి వచ్చి నన్ను తనే గొట్టంలో వదిలి, కింద అరచెయ్యి పట్టాడు. జారి అతని చేతిలో పడ్డాను.  పాపం, నాకు బాధేసింది. చాలాసేపు అతను పిడికిలి విప్పలేదు.

"మూసెయ్యప్పా దీని గొట్టం," అన్నాడు చివరికి.

అలాంటి తుపాకి ఆ చుట్టుపక్కల అదే ఆఖరిది, నాకిక కొలిచే పని లేదు. పోలీసుల అనుమతి వచ్చాక, ఆచారి నన్నే దాని మూతిలో నిలిపి వెల్డింగు పెట్టేశాడు.

ఇప్పుడు నేనూ ఆ తుపాకీ మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాం. కింద చీటీ మీద గొట్టం కొలత రాశారు. తుపాకి పైనున్న పాత ముద్ర చూసి రాసిందే, తప్పు. కొలిచి చూద్దామని ఎవరికీ తోచలేదు.

దానియేలుకు గేటు దగ్గరి పని పోయింది. మార్కెట్ యార్డులో చేతికర్రతో కాపలా కాస్తున్నాడట. మొన్న ఆదివారం వచ్చాడు. నడుం కాస్త వంగింది. చీటీ చదివాడు. కుడికన్ను గాజుకు ఆనించి, గొట్టం మూతిలో ఉన్న నావైపు చూశాడు. కొద్దిగా చెమ్మగిల్లింది గానీ, కన్ను బాగానే ఉంది.