గుండ్లు కొట్టి నేర్చిన చదువు

ద్రాక్షతోట పనిలో గ్రాసియాన్‌కు మా ఊళ్లో ఎదురు లేదు. కాగితం చూస్తే మాత్రం చలిజ్వరం. అరవై దాటినా అక్షరం ముక్క రాదు. వచ్చిన ప్రతి ఉత్తరమూ కూతురు లోరెట్టే చదివిపెట్టేది. గొడవంతా అక్కడే వచ్చింది. పెళ్లి కుదిరాక ఆ పిల్ల, "నేను లియోన్ వెళ్లిపోతే నాన్నకు ఉత్తరాలెవరు చదువుతారు? మేం ఇక్కడే ఉంటాం," అని మొండికేసింది. అక్కడ బంగారంలాంటి ఉద్యోగం సిద్ధంగా ఉంది!

గ్రాసియాన్ తిన్నగా నా కాఫీ హోటల్‌కు వచ్చాడు.

"జెర్మేన్, నాకు చదువు చెప్పవే. పెళ్లిభోజనాల్లో తండ్రిగా నా మాటల కాగితం నేనే చదవాలి. అప్పుడుగానీ అది కదలదు."

"మూడు నెలల్లోనా? నీ బుర్రకా?" అన్నాను. నా నోరు అలాంటిది, ఏం చెయ్యను! కానీ అప్పుడే పెన్సిల్ తీశాను.

పేర్లు తొందరగానే పట్టుబడ్డాయి. మా ఫ్రెంచి క్రియలే చంపుకుతిన్నాయి. ప్రతిదానికీ నోటితో పలకని తోక ఒకటి, ఈయన దాన్నీ పలికేసేవాడు. చివరికి విసుగెత్తి తోకలన్నీ కొట్టేసి, మాటల మధ్య గీతలు పెట్టి ముక్కలు చేశాను. పెటాంక్ ఆటలో విసిరే ఇనుప గుండ్లు రెండు చేతికిచ్చి, "ముక్కకో దెబ్బ. గుండు మోగితేనే నోరు తెరువు," అన్నాను. 'ఎ-కూ-తే', అంటే వినేవాణ్ణి: టక్, టక్, టక్. ఆట మైదానం పక్క బెంచీ మీద రోజూ ఇదే భాగోతం. లోరెట్‌కు తెలియకూడదని ఒట్టు. ఆడేవాళ్లు ఏమీ విననట్టు వంగి గుండ్ల మధ్య దూరాలు కొలుచుకునేవారు. దొంగ వెధవలు!

పెళ్లిరోజు భోజనాలయ్యాక గ్రాసియాన్ లేచాడు. జేబులోంచి కాగితం తీశాడు.

"తల్లీ, ఇన్నాళ్లూ నువ్వు చదివేదానివి," అని ముక్కముక్కా ఆగి చదివాడు. "నేను వినేవాణ్ణి. ఇక నేను చదువుతాను. నువ్వు..."

ఆగిపోయాడు. అది నాలుగు ముక్కల మాట. చేతులు గుండ్ల కోసం తడుముకుంటున్నాయి. లోరెట్ అలవాటు కొద్దీ లేచి కాగితం కోసం చెయ్యి చాచింది. అది అందుకుందంటే మా మూడు నెలల కష్టం మట్టిపాలే.

భోజనాల తర్వాత ఆట ఉండనే ఉంది, కుర్చీల కింద అందరి సంచుల్లోనూ గుండ్లున్నాయి. ముందు తీసింది పోస్ట్‌మాన్. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటికి ఉత్తరాలు మోసింది అతనే. ఆ వెనకే అన్ని బల్లల దగ్గరా తీసి మోగించారు. టక్. టక్. టక్. టక్.

"ఎ-కూ-తె-రా!" అని అరిచాడు గ్రాసియాన్. నువ్వు వింటావు!

హాలంతా హోరెత్తింది. లోరెట్ ఏడుస్తూనే నవ్వింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లియోన్ నుంచి వారం వారం రాస్తాను నాన్నా. పొడుగ్గా రాస్తాను, కాచుకో!"

"రాయి తల్లీ, రాయి," అన్నాడు గ్రాసియాన్ కళ్లు తుడుచుకుంటూ. "క్రియలు మాత్రం కాస్త తక్కువెయ్యి."