ఖాయం అన్న ఒకటో నంబరు

నేను ఒక గోల్‌కీపర్ జెర్సీని. నారింజ రంగు, వీపున ఒకటో నంబరు, దాని పైన తెల్లగుడ్డ అక్షరాలు కత్తిరించి కుట్టిన ‘వన్నూరమ్మ’ అనే పేరు. ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడని జెర్సీకి ఆత్మకథేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు వినేవాళ్లు దొరికితే చాలు.

నన్ను కుట్టింది అనంతపురం టైలర్ బాబయ్య. జిల్లా మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో ఆరు జట్ల బట్టలూ ఆయనే కుడతాడు. ఏటా సీజన్‌కు ముందు జట్లన్నీ ఒకచోట కూర్చుని, రౌండ్‌కొక అమ్మాయి చొప్పున ఎంచుకుంటాయి. కిందటేడు అట్టడుగున నిలిచిన జట్టుకు తొలి అవకాశం. ఆ జట్టు తొలి రౌండ్‌లో ఎవరిని కోరుకుంటుందో ముందే చెప్పడం బాబయ్యకు పిచ్చి. నాలుగేళ్లుగా ఆయన మాట తప్పలేదు, ఇక మనిషిని పట్టతరమా!

ఈసారి తొలి అవకాశం పెన్నా జట్టుది. వాళ్లకు గోల్ కాపాడే దిక్కు లేదు. చెనక్కాయల మిల్లులో పనిచేసే వన్నూరమ్మ చేతికి చిక్కిన బంతి జారదు. ఖాయం అన్నాడు బాబయ్య. అనేసి ఊరుకోవచ్చుగా? వారం ముందే నన్ను కుట్టి కొట్టు గుమ్మానికి తగిలించాడు.

వన్నూరమ్మ రోజూ మిల్లు నుంచి వస్తూ ఆగేది. చేతులు కొంగుకు తుడుచుకుని, నా అంచు పట్టుకుని చూసేది. వయసు నిబంధన వల్ల ఆమెకు ఇదే ఆఖరి ఏడు. ఎప్పుడు తొడుక్కుంటుందా అని నాకూ ఒకటే ఆత్రం.

మిగతా ఐదు జట్లూ నన్ను చూశాయి. ఈ పిల్ల ఇక మనకు దక్కదని, వేరే గోల్‌కీపర్లకు మాట ఇచ్చేశాయి. పెన్నా మేనేజర్ సుదర్శనమూ చూశాడు. తన మనసులో దాచుకున్న పేరు దర్జీ గుమ్మానికి వేలాడుతుంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఎంపిక రోజున మైకు పట్టుకుని మరో గోల్‌కీపర్ పేరు చదివాడు. ఆ తర్వాతి రౌండ్లలో కూడా వన్నూరమ్మను ఎవరూ పిలవలేదు. బాబయ్య అంచనా సరైనదే, నన్ను వేలాడదీయడంతోనే అంతా చెడింది.

నాతో పాటు కుట్టిన పెన్నా జెర్సీలన్నీ మైదానానికి పోయాయి. కొత్త గోల్‌కీపర్‌కు కొత్త జెర్సీ కుట్టారు. నేనొక్కదాన్నే కొట్టు వెనక మేకుకు మిగిలాను. మ్యాచ్ జరిగితే కేకలు అక్కడిదాకా వినబడేవి, ఏడుపొచ్చేది. బాబయ్య నా వైపు చూసేవాడే కాదు.

పది రోజులకు వన్నూరమ్మ వచ్చింది. బాబయ్య మిషన్ ఆపి తల వంచుకున్నాడు.

"తప్పు నాదే పాపా. పేరు ఇప్పేసి, ఇంగెవురికన్నా ఇస్తాలే."

"ఇప్పద్దు మామా. నాకే ఇయ్యి, మిల్లుకు ఏసుకోని పోతా."

ఇప్పుడు ఆమె బస్తాలు మోస్తుంటే నేను చెమటకు తడుస్తుంటాను. పేరు ఎవరికీ కనబడకూడదని రోజూ నన్ను తిరగేసి తొడుక్కుంటుంది. ఆ అక్షరాలు పొద్దుగూకేదాకా ఆమె వీపుకే గుచ్చుకుంటుంటాయి.