వీపు తాకిన తర్వాత

అయితే బాపు నిజంగానే వచ్చాడు, నిన్న ఫోన్లో రానన్నాడు, గా గుద్దులాట నేనేం జూత్తనే భూమికా అన్నాడు, ఇప్పుడేమో సుల్తానాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో కరీంనగర్‌లో దిగి, మ్యాట్‌కి నాలుగడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు, అటు చూడకూడదు, ఎదురుగా ఉన్న ఆఫ్రీన్‌ని చూడాలి, ఆదిలాబాద్ పిల్ల, కరాటే చేతులు, ఎడమ భుజం కదిలిందంటే కుడి పిడికిలి వస్తోందన్నమాట, గుద్దులూ కుస్తీ పట్లూ కలిసిన ఆట ఈ ఎంఎంఏ, మా ఇద్దరిలో ఒక్కరే రాష్ట్ర జట్టుకు వెళ్తారు, ఓడితే బాపుతో పాటే మధ్యాహ్నం బస్సు, మళ్లీ మా కుస్తీ తాలీం, మళ్లీ ఎర్రమట్టి, పదిహేనేళ్లు పొర్లిన మట్టి అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నా నోరు పడిపోతుంది, కానీ అక్కడ నాతో పట్టడానికి ఇంకో ఆడపిల్ల లేదు, నాకు పదహారేళ్లు దాటాక మగపిల్లలూ మానేశారు, నా చేతిలో ఓడితే పరువు పోతుందట, మరి నేనేం చేయను, గోడతో కుస్తీ పట్టనా.

తగిలింది, పెదవి లోపల ఉప్పగా ఉంది, ఫర్వాలేదు, దెబ్బలంటే భయం లేదు నాకు, నా భయమంతా కింద పడటం గురించే, ఎందుకంటే ఎనిమిదేళ్లప్పుడు బాపు నేర్పిన మొదటి పాఠం అదే, కింద వడ్డవా, ఎంటనే బోర్ల తిర్గు బిడ్డా, వీపు మన్నుకు తాకనియ్యకు, తాకిందా, అయిపాయె, ఆ మాట నా బుర్రలో లేదు, నడుములో ఉంది, ఇక్కడ ఈ ఆట నేర్చుకోను చేరిన మొదటి నెలంతా పడ్డ ప్రతిసారీ బోర్లా తిరిగాను, తిరిగిన ప్రతిసారీ వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి గొంతు బిగించింది, ఓడిపోయానని ఒప్పుకుంటూ అరచేత్తో మ్యాట్ మీద కొట్టడమే, కోచ్ ముకర్రం సార్ తల పట్టుకున్నాడు, అరె, వీపు జూపియ్యకమ్మా అంటే ఇనవేంది, ఎల్లెలుకల పడు, కాళ్లు లెవ్వా నీకు, కాళ్లతోని పట్టు, గప్పుడే అసలు ఆట షురువైతది, ఆయనకేం, సులువుగానే అంటాడు, వెల్లకిలా పడితే బాపు కూతురు ఓడినట్టు, కాళ్లెత్తి పడితే మా పక్కింటి లస్మవ్వకు పండగ, ఫోన్లో ఈ ఆట వీడియో చూసి వాకిట్లో నిలబడి వాడంతా వినేలా అంది కదా, గదేం ఆటనే, ఆడివిల్ల ఎల్లెలుకల పండుడేంది, కాళ్లు లేపుడేంది, సిగ్గు లేదానే, లేదు లస్మవ్వా, గెలిచేటప్పుడు ఎవరికీ ఉండదు.

ఎడమ భుజం కదిలింది, పిడికిలి కింది నుంచి దూరి కాలు పట్టాను, ఇది నా సొంత పని, ఇందులో నన్ను మించినవాళ్లు లేరు, ఎత్తాను, ఎత్తుతుంటే ఆఫ్రీన్ నా మెడ పట్టుకుని వేలాడింది, వదలదే, ఇద్దరం పడ్డాం, దొర్లాం, పైన ఆమె, కింద నేను, వీపు మొత్తం మ్యాట్ మీద పరుచుకుపోయింది, కుర్చీ పడిన చప్పుడు, బాపు లేచి నిలబడ్డాడు, తిర్గు బిడ్డా, బోర్ల తిర్గు, గొంతు చించుకుంటున్నాడు, నా నడుము నన్ను అడక్కుండానే తిరగబోతోంది, నా కంటే ముందు అది బాపు మాట వింటుంది, చిన్నప్పటి నుంచి విన్న గొంతు కదా, హుస్నాబాద్‌లో బాపు ఆఖరి కుస్తీ, నాకు ఆరేళ్లప్పుడు అవ్వ ఒడిలోంచి చూశాను, డప్పులు ఆగిపోయాయి, బాపు రెండు భుజాలూ మట్టికి తాకాయి, విజిల్ వేశారు, కానీ బాపు చెయ్యి ఇంకా ఎదుటి పహిల్వాన్ మెడ చుట్టూ బిగిసే ఉంది, ఇద్దరు మనుషులు వచ్చి విడిపించాల్సి వచ్చింది, బాపు లేచి వీపు దులుపుకుని ఇంటికొచ్చాడు, మళ్లీ పోటీకి దిగలేదు, అప్పటికి బాపుకి ముప్పై ఒక్కేళ్లు, నేను బాగా చూశాను, ఆ రోజు బాపు అలసిపోలేదు.

తిరగను, నడుమా, నువ్వు నా మాట విను, తిరిగేది లేదు, కాళ్లెత్తాను, ఆఫ్రీన్ నడుము చుట్టూ వేసి బిగించాను, చూసేవాళ్లు చూడనీ, ఆమె గుద్దడానికి చెయ్యెత్తింది, దవడ మీద ఒకటి పడింది, రెండోది దిగేలోపు మణికట్టు నా చేతికి చిక్కింది, లాగాను, కాలు ఆమె మెడ మీదికి జారింది, ఇప్పుడామె ఎటూ తప్పించుకోలేదు, బాపు కేకలు ఆగిపోయాయి, విజిల్ కోసం ముకర్రం సార్ వైపు చూస్తున్నాడు, ఈ ఆటలో వీపు తాకితే విజిల్ రాదు, ఎవరూ విడిపించరు, తలకిందులుగా కనిపిస్తున్నాడు బాపు, రెండు చేతులూ గాల్లో అట్లాగే ఉండిపోయాయి, నోట్లో రబ్బరు ముక్క ఉంది గనక అరవలేను, లేకుంటే ఈ హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని, జూడు బాపూ, వీపు తాకింది, మొత్తం తాకింది, తాకి చానాసేపైంది, నేనింక ఓడలే.