పట్టిన బంతి

బ్రాడ్‌మెడో హ్యాండ్‌బాల్ క్లబ్ అంటే డబ్లిన్ పక్కనున్న స్వోర్డ్స్‌లోనే సగం మందికి తెలియదు. తెలిసినవాళ్లలో సగం మంది అది గోడకేసి బంతి కొట్టే ఐరిష్ ఆట అనుకుంటారు. కాదు మహాప్రభో, ఇది వేరు, జట్టుకు ఏడుగురు, అటొక గోలు ఇటొక గోలు, చేత్తో విసిరే బంతి అని చెప్పీ చెప్పీ ఆ క్లబ్బు అమ్మాయిల నోళ్లు నొప్పెట్టాయి. అలాంటి క్లబ్బు ఏటా పట్టు వదలకుండా యూరోపియన్ కప్పుకు పేరివ్వడం, ఏటా మొదటి రౌండ్లోనే చావుదెబ్బ తిని రావడం. పోయినేడు లక్సెంబర్గ్‌లో ఎన్ని గోల్స్ తిన్నారని అడిగితే కెప్టెన్ ఈఫా ఠక్కున వాన సంగతి ఎత్తుకుంటుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మొదటి రౌండు దాటాలి. అదే వాళ్ల కోరిక.

ఈ ఏడు ఆ గోలు ముందు నిలబడే బాధ్యత నిఖిల మీద పడింది. నిఖిల నరసరావుపేట పిల్ల. ఎమ్మెస్సీ చదవడానికి డబ్లిన్ వచ్చి, ఉద్యోగం చూసుకుని, దినేశ్‌ను పెళ్లాడి స్వోర్డ్స్‌లో కాపురం పెట్టింది. రెండేళ్లుగా క్లబ్బులో రెండో కీపర్. రెండో కీపరంటే పెద్ద ఉద్యోగమేం కాదు, బెంచీ మీద కూర్చుని మంచినీళ్ల సీసాలకు కాపలా కాయడం. మొదటి కీపర్ ఓర్లా నెల తప్పి ఆగస్టులో ఆట మానేసింది. కోచ్ ఇల్దికోకు వేరే దారి లేకపోయింది.

ఇల్దికో హంగరీ మనిషి. పగలు ఫిజియోథెరపిస్టుగా జనాల నొప్పులు తగ్గిస్తుంది, సాయంత్రం కోచ్‌గా ఆ నొప్పులన్నీ తెచ్చిపెడుతుంది. ఆవిడకూ నిఖిలకూ మొదటి రోజు నుంచీ ఒకటే తగాదా. కీపరన్న మనిషి బంతిని పట్టకూడదు, ఆపాలి. చెయ్యో కాలో మొహమో ఏది అందితే అది అడ్డం పెట్టాలి. అంత వేగంతో వచ్చే బంతిని పడదామని చూస్తే వేళ్లు విరుగుతాయి, బంతి జారి లోపలికి పోతుంది. యూరప్‌లో చంటిపిల్లలకు కూడా ఇదే నేర్పుతారు.

నిఖిల మాత్రం పట్టేసేది. పొగరు కాదు, అలవాటు. ఆవిడ ఆట నేర్చింది జిల్లా పరిషత్ హైస్కూల్ మట్టి గ్రౌండులో. అక్కడ గోలుకు వల లేదు. తప్పిపోయిన బంతే కాదు, తగిలి పక్కకు ఎగిరిన బంతి కూడా తిన్నగా తుమ్మకంపలోకి పోయేది. ఎవరు వదిలితే వాళ్లే వెళ్లి తేవాలని పీఈటీ సారు కోటయ్య గారి శాసనం. చేతులు గీరుకుపోయి నాలుగు రోజులు ఏడ్చాక, ఐదో రోజు నుంచి నిఖిల బంతిని గుండెకు హత్తుకోవడం నేర్చుకుంది. ఇంకో లాభం కూడా కనిపెట్టింది. అడ్డం పెట్టి ఆపిన బంతి ఎవరికి దొరుకుతుందో దేవుడికే తెలుసు. పట్టిన బంతి మాత్రం మనదే. అవతలివాళ్లు వెనక్కి తిరిగేలోపు మన మనిషికి విసిరెయ్యొచ్చు.

"క్రికెట్ పక్క గ్రౌండులో ఆడతారు," అనేది ఇల్దికో, నిఖిల బంతి పట్టినప్పుడల్లా. నిఖిల సారీ చెప్పి, మళ్లీ పట్టేది.

ఇక రెండో తంటా జిగురు. యూరప్‌లో ఈ ఆట ఆడేవాళ్లు వేళ్లకు జిగురు రాసుకుంటారు. దాంతో బంతి చేతికి అతుక్కుని చెప్పినట్టు వింటుంది. మన స్వోర్డ్స్ హాల్లో ఆ డబ్బా మూత తీస్తే చాలు, నేలంతా మరకలవుతుందని కేర్‌టేకర్ లబలబలాడతాడు. అందుకని బ్రాడ్‌మెడో అమ్మాయిలు ఏడాది పొడుగునా పొడి బంతితోనే ఆడేవాళ్లు. కప్పు మ్యాచ్‌కు మాత్రం జిగురు ఒప్పుకునే హాలే కావాలి. కాళ్లావేళ్లా పడితే నగరానికి అవతల ఒక హాలు దొరికింది, ఆట అయ్యాక నేల మీరే శుభ్రం చేసి పోవాలన్న షరతు మీద. ఎస్తోనియా జట్టు అక్టోబరులో వచ్చి శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, రెండు మ్యాచ్‌లూ ఇక్కడే ఆడేట్టు ఒప్పందం కుదిరింది. రెండు రోజుల గోల్స్ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్లే పై రౌండుకు.

శనివారం మధ్యాహ్నం హాలు సగం నిండింది. ముందు వరసలో దినేశ్, పక్కన వాళ్లమ్మ మంగతాయారు. ఆవిడ ఆర్నెల్లు ఉందామని వేసవిలో వచ్చింది. కోడలు వారానికి మూడు సాయంత్రాలు సంచి భుజాన వేసుకుని ఎక్కడికో పోవడం మొదట్లో ఆవిడకు మింగుడు పడలేదు. ఒకసారి వెంటపడి వెళ్లి ప్రాక్టీసు చూసింది. ఆ తర్వాత ఆవిణ్ణి ఇంట్లో ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మొదటి సగం బ్రాడ్‌మెడో సమానంగా నిలబడింది. యూరోపియన్ కప్పులో వాళ్లకు అదే పెద్ద విడ్డూరం. రెండో సగంలో ఎస్తోనియా అమ్మాయి విసిరిన బంతిని నిఖిల రెండు చేతులా పట్టేసింది. జనం హోరుమన్నారు. ఈఫా అప్పటికే అవతలి గోలు వైపు దౌడు తీస్తోంది. నిఖిల విసిరింది. బంతి చేతిని వదిలితేగా! ఏడాదంతా పొడి బంతికి అలవాటుపడ్డ చెయ్యి అది. వదలాల్సిన చోట వదలని బంతి చివరికి ఎదురుగా నేలకు కొట్టుకుని, గెంతి వెళ్లి ఎస్తోనియా అమ్మాయి ఒడిలో పడింది. గోల్. కంగారులో ఇంకోసారి అదే తప్పు. ఆ తర్వాత మరొకటి. ముగిసేసరికి బ్రాడ్‌మెడో ఇరవై నాలుగు, ఎస్తోనియా ఇరవై ఎనిమిది.

ఓడినవాళ్లు ఏడవడానికైనా తీరిక లేకుండా మోకాళ్ల మీద కూర్చుని నేల రుద్దడం మొదలుపెట్టారు. అది చూసి మంగతాయారు ప్రాణం ఉసూరుమంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కొబ్బరినూనె సీసా తీసుకుని గ్రౌండులోకి దిగింది.

"ఇట్టా చాపండమ్మా చేతులు. సబ్బుతో పోయే జిగురా ఇది? పనసకాయ కోసినోళ్లనడగండి, నూనె రాస్తేనే వదుల్తది."

ఒక్క ముక్క అర్థం కాకపోయినా క్లబ్బులోని ఐరిష్ పిల్లలు, పోలండ్ పిల్లలు వరసగా నిలబడి అరచేతులు చాపారు. వాళ్ల వెనక ఇద్దరు ఎస్తోనియా అమ్మాయిలు కూడా చేరారు. మంగతాయారు వాళ్లకూ రాసింది. ఇంకో రెండు చుక్కలు ఎక్కువే పోసింది.

నిఖిల ఆ వరసలో లేదు. ఇల్దికో ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్లింది. అరవలేదు. ఇల్దికో అరవలేదంటే అది మరీ ప్రమాదం.

"నాలుగు గోల్స్ తేడాతో ఓడాం. మూడు నువ్వు చేతికందించావు. రేపు నిన్నే నిలబెడతాను, నాకు ఇంకెవరూ లేరు కాబట్టి. కానీ ఒక్క బంతి పట్టినా బయటికి లాగేస్తాను. గోలు బయట ఆడే పిల్లనైనా గోల్లో నిలబెడతాను కానీ నిన్ను ఉంచను. అర్థమైందా?"

అర్థమైందని నిఖిల తల ఊపింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. క్లబ్బు ఇన్నేళ్లూ ఎదురుచూసిన రౌండు తన చేతుల్లోంచే జారిపోయింది. ఎవరో గెలిచారంటే బాధ లేదు, తనే ఓడించింది.

దినేశ్ కారు ఇంటివైపు తిప్పాడు. సగం దారికే మంగతాయారు ఉండబట్టలేకపోయింది.

"అమ్మాయ్, నాకు ఆట తెలవదనుకో. పట్టటం బాగానే పట్టావు గదా. ఇసిరేటప్పుడే గదా చెడింది? మరి ఆ కోచ్చమ్మ పట్టుకోవద్దంటదేంది?"

"అమ్మా, ఇప్పుడెందుకే అవన్నీ," అన్నాడు దినేశ్.

"నువ్వు రోడ్డు చూసి నడుపు."

"ఆవిడ చెప్పింది కరెక్టే అత్తయ్యా. రేపు పట్టను," అంది నిఖిల. అత్తగారి మాట మాత్రం చెవిలో పడింది. పట్టడంలో తప్పు లేదు. విసరడమే రాలేదు.

ఆదివారం పొద్దున్నే నిఖిల ఈఫా వాళ్లింటికి వెళ్లి జిగురు బంతి ఒకటి అడిగి తెచ్చుకుంది. ఇంటి వెనక పార్కులో దినేశ్‌ను అంత దూరాన నిలబెట్టింది. అత్తగారి ముందు ఏమండీ అని పిలిచే మనిషి, పార్కులో మొగుడని కూడా చూడలేదు.

"దినేశ్! ఇంకా వెనక్కి! ఇంకా!"

"నిఖిలా, ఫోను చేతికి అతుక్కుపోయిందే. మా మేనేజర్ ఫోన్ చేస్తే ఎట్టా?"

"ఆదివారం ఏ మేనేజర్ చేస్తాడు? వెనక్కి పో!"

మొదట విసిరినవన్నీ కాళ్ల దగ్గరే పడ్డాయి. పొడి బంతి జారిపోతుందన్న పాత భయంతో చెయ్యి ఈ బంతినీ గట్టిగా పిసికి పట్టుకుంటోంది, వదిలేసరికి ఆలస్యమవుతోంది. ఈ బంతికి ఆ భయం అక్కర్లేదు. వేళ్లు వదులు చేసి, మణికట్టును చివరిదాకా పోనిస్తే చాలు, బంతి దానంతటదే విడిపోతుంది. ఆ కిటుకు చేతికి దొరికిన క్షణం నిఖిలకు నవ్వొచ్చింది. ఆ తర్వాత విసిరిన బంతి దినేశ్ నెత్తి మీదుగా ఎగిరి, పార్కు చివర వాకింగ్‌కు వచ్చిన పెద్దాయన కుక్క ముందు పడింది. "గ్రాండ్ త్రో," అన్నాడాయన, కుక్క నోట్లోంచి బంతి లాక్కుంటూ.

ఆ మధ్యాహ్నం నిఖిల బుద్ధిగా కోచ్ చెప్పినట్టే ఆడింది. మోకాలితో ఆపింది, మోచేత్తో ఆపింది, ఒకటి చెంపతో కూడా ఆపింది. ఇల్దికో మొహంలో మొదటిసారి సంతృప్తి లాంటిది కనబడింది. ఈఫా, ఆవిడ వెంట మిగతా పిల్లలు దెయ్యం పట్టినట్టు గోల్స్ కొడుతున్నారు. ఒకటి, రెండు, మూడు గోల్స్ ఆధిక్యం. చివరి నిమిషంలో నాలుగు. ఇరవై ఆరు, ఇరవై రెండు. రెండు రోజుల గోల్స్ కలిపితే సరిసమానం.

హాల్లో ఎవరూ కూర్చుని లేరు. మంగతాయారు కుర్చీ ఎక్కింది. రిఫరీని ఉద్దేశించి ఆవిడ పల్నాటి భాషలో అంటున్న మాటలు అర్థమైతే ఆయన ఈలకు బదులు పోలీసులను పిలిచేవాడు.

ఎస్తోనియా కోచ్ అప్పుడొక పని చేశాడు. తన కీపర్‌ను బయటికి పిలిచేసి, ఆ స్థానంలో ఇంకో ఆటగత్తెను దాడికి పంపాడు. ఇవతల ఆరుగురు అడ్డుకునేవాళ్లు, వాళ్లు ఏడుగురు. అవతల వాళ్ల గోలు ఖాళీ. గోల్ కొడితే వాళ్లే పై రౌండుకు. బంతి వాళ్ల చేతుల మధ్య గిరగిరా తిరిగింది. అందరి కళ్లూ బంతి మీదే, ఆ చివర ఖాళీ గోలును ఎవరూ చూడటం లేదు. నిఖిల చూసింది.

కుడి పక్క నుంచి ఒక అమ్మాయి గాల్లోకి లేచింది. ఆవిడ భుజం తిరిగిన తీరులోనే బంతి ఎక్కడికి వస్తుందో నిఖిలకు తెలిసిపోయింది. కాలు అడ్డం పెడితే చాలు, ఆగుతుంది. ఆగితే పెనాల్టీ త్రోలకు పోవచ్చు, అక్కడ ఎవరి అదృష్టం వాళ్లది. ఎగిరిన బంతి మళ్లీ వాళ్లకే దొరికినా దొరకొచ్చు. పట్టబోయి జారితే మాత్రం అంతా అయిపోతుంది, జీవితాంతం ఈ క్లబ్బుకు మొహం చూపించే దారి ఉండదు. ఇదంతా ఆలోచించేంత వ్యవధి లేదు. కానీ ఆవిడకు తెలుసు, అన్నీ తెలిసే చేతులు రెండూ చాపింది.

బంతి ఫెడేల్మని అరచేతుల్లో పడి అతుక్కుపోయింది.

"నో!" అని ఇల్దికో వేసిన కేక హాలంతా వినబడింది.

నిఖిల వేళ్లు వదులు చేసింది. మణికట్టును చివరిదాకా పోనిచ్చింది. బంతి పోయింది. ఆటగత్తెల తలల మీదుగా, మధ్య గీత మీదుగా పోయింది. వెనక్కి పరిగెత్తుతున్న ఎస్తోనియా కీపర్ గాల్లోకి ఎగిరినా వేలికొసకు కూడా అందలేదు. ఒక్కసారి నేలకు తగిలి, తాపీగా, సొంతింట్లోకి నడిచినట్టు ఖాళీ గోలులోకి వెళ్లింది. ఆ వెనకే చివరి బెల్లు మోగింది.

యాభై ఒకటి, యాభై.

మొదట వచ్చి మీద పడింది ఈఫా. ఆవిడ మీద ఇంకొకరు, ఆ పైన ఇంకొకరు. కింద నిఖిలకు ఊపిరాడలేదు, అయినా లేవాలనిపించలేదు. ఎవరి చేతులు ఎవరి జుట్టుకు అతుక్కున్నాయో తెలియలేదు, ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలియలేదు. బెంచీ పక్కన కడుపుతో ఉన్న ఓర్లా పొట్ట పట్టుకుని గెంతుతుంటే ఇద్దరు ఆపుతున్నారు. మంగతాయారు కుర్చీ దిగడం మరిచిపోయి, "మా కోడలు! మా కోడలమ్మా!" అని వెనక వరసలో ఎవరో ముక్కూమొహం తెలియని ఐరిష్ ఆయన భుజాలు పట్టి ఊపేస్తోంది. ఆయనా కాదనకుండా ఊగుతున్నాడు.

గుంపు విడిపోయి నిఖిల లేచి నిలబడేసరికి ఎదురుగా ఇల్దికో ఉంది. అందరూ పక్కకు తప్పుకున్నారు.

"పట్టొద్దన్నాను," అంది ఇల్దికో.

"అవును."

"పడితే బయటికి లాగేస్తానన్నాను."

"అన్నారు."

"మరి ఎందుకు పట్టావు?"

నిఖిల సారీ చెప్పలేదు.

"పట్టగలను కాబట్టి," అంది.

ఇల్దికో నిఖిల కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, జిగురుతో నల్లబడ్డ ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకుని, అందరి ముందూ భోరుమని ఏడ్చేసింది.